ఇన్‌స్ట్రక్టర్ మారితే పాత సోలో సంతకం చెల్లుతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. డాలస్ దగ్గర మెకిన్నీలో ఉద్యోగం చేసుకుంటూ సెస్నా 172 మీద ప్రైవేట్ పైలట్ ట్రైనింగ్ తీసుకుంటున్నారు. సోలో (ఇన్‌స్ట్రక్టర్ లేకుండా ఒంటరిగా ఎగరడం) అయిపోయింది. ఇంతలో మీ ఇన్‌స్ట్రక్టర్‌కి ఎయిర్‌లైన్‌లో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినావిడ మిమ్మల్ని సోలో పంపనంటోంది, ముందు తనతో కొన్ని పాఠాలు ఎగరాలంటోంది. సోలోకి అనుమతిస్తూ పాత ఇన్‌స్ట్రక్టర్ మీ లాగ్‌బుక్‌లో (ఎగిరిన గంటలు రాసుకునే పుస్తకం) పెట్టిన సంతకానికి ఇంకా నెల గడువుంది. ఇది రూలా, లేక డబ్బు గుంజే పనా అని మీ అనుమానం.

పాత సంతకం రూల్ ప్రకారం చెల్లుతుంది. అయినా ఆవిడ అడుగుతున్నది సబబే. నేను టెక్సస్‌లో చాలా ఏళ్లుగా సీఎఫ్‌ఐగా, అంటే సర్టిఫికెట్ ఉన్న ఫ్లైట్ ఇన్‌స్ట్రక్టర్‌గా పని చేస్తున్నాను. ఎయిర్‌లైన్స్‌కి వెళ్లిపోయిన వాళ్ల స్టూడెంట్లను మధ్యలో తీసుకోవడం నాకు కొత్త కాదు. కాబట్టి ఆవిడ కూర్చున్న సీటు వైపు నుంచి కూడా చెప్పగలను.

ముందు రూల్ చూద్దాం. ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన సంస్థ) రూల్స్‌లో పైలట్ సర్టిఫికెట్ల గురించిన పార్ట్ 61లో 61.87 సెక్షన్ ఏమంటుందంటే, మీరు ఎగరబోయే విమానం మేక్, మోడల్ పేరుతో లాగ్‌బుక్‌లో ఎండార్స్‌మెంట్, అంటే ఆ అనుమతి సంతకం ఉండాలి. ఆ సంతకం పెట్టిన ఇన్‌స్ట్రక్టర్, మీరు ఎగిరే తేదీకి ముందు 90 రోజుల్లోపు మీకు ట్రైనింగ్ ఇచ్చి ఉండాలి. అంతేగానీ ఆయన ఇంకా అదే స్కూల్లో ఉండాలని ఎక్కడా లేదు. ఆయన వేరే ఊరికి వెళ్లిపోయినంత మాత్రాన సంతకం రద్దయిపోదు. కానీ విమానం స్కూల్‌ది. తమ ఇన్‌స్ట్రక్టర్ ఎవరో ఒకరు పూచీ పడితే తప్ప స్టూడెంట్‌కి తాళం ఇవ్వమని చాలా స్కూళ్లు తమ రెంటల్ నిబంధనల్లో, ఇన్సూరెన్స్ పాలసీలో రాసుకుంటాయి. ఎఫ్‌ఏఏ ఒప్పుకున్నా స్కూల్ ఒప్పుకోకపోతే విమానం గేటు దాటదు. మీ రెంటల్ అగ్రిమెంట్ తీసి ఒకసారి చదవండి, ఈ మాట అందులో ఉండే అవకాశం ఎక్కువ.

ఇక ఆవిడ సొంత సంతకం సంగతి. 61.195 సెక్షన్ ఇన్‌స్ట్రక్టర్లకు గట్టి హద్దు పెట్టింది. సోలోకి కావలసిన ఫ్లైట్ ట్రైనింగ్ తాను ఇచ్చి, ఈ స్టూడెంట్ ఈ పరిస్థితుల్లో క్షేమంగా ఎగరగలడని తాను నిర్ధారించుకుంటే తప్ప సోలో ఎండార్స్‌మెంట్ ఇవ్వకూడదు. పాత ఇన్‌స్ట్రక్టర్ ఎంత మంచివాడైనా, ఆయన మాట మీద ఈవిడ సంతకం పెట్టడానికి వీల్లేదు. మీరు ఎంత బాగా ఎగురుతారో ఆవిడ కళ్లతో చూడలేదు, చూడనిదానికి పూచీ పడలేదు. సోలో సంతకం ఎవరికి ఏ తేదీన పెట్టిందో ఆ రికార్డును మూడేళ్లు దాచుకోవాల్సిందీ ఆవిడే. రేపు మీకేదైనా అయితే ఎఫ్‌ఏఏ వాళ్లు ముందుగా ఫోన్ చేసేది ఆ సంతకం కింద ఉన్న సర్టిఫికెట్ నంబర్ ఎవరిదో వాళ్లకే.

ఇన్‌స్ట్రక్టర్లు ఇంత తరచుగా ఎందుకు మారతారో కూడా తెలుసుకుంటే మీకు ఆవిడ మీద కోపం తగ్గుతుంది. 2009 ఫిబ్రవరిలో బఫలో దగ్గర కోల్గన్ ఎయిర్ 3407 విమానం కూలి 50 మంది చనిపోయారు. ఆ తర్వాత 2010లో కాంగ్రెస్ చట్టం చేసింది, 2013 నుంచి ఎయిర్‌లైన్‌లో కోపైలట్‌గా చేరాలన్నా మామూలుగా 1500 గంటలు కావాలి. (ఆ విమానంలోని పైలట్లిద్దరికీ 1500 దాటే ఉన్నాయి, అది వేరే చర్చ.) 250 గంటలకు కమర్షియల్ సర్టిఫికెట్ చేతికొచ్చిన కుర్రాళ్లు మిగతా గంటలు ఎక్కడ పోగేస్తారు? ఎక్కువ మంది ఇన్‌స్ట్రక్టర్లుగానే. గంటలు నిండగానే వెళ్లిపోతారు. అందులో తప్పేమీ లేదు, కానీ మధ్యలో మిగిలిపోయేది మీలాంటి వాళ్లు. మీ ట్రైనింగ్ అయ్యేలోపు ఇంకోసారి ఇన్‌స్ట్రక్టర్ మారినా ఆశ్చర్యపోకండి.

పాత ఇన్‌స్ట్రక్టర్‌ని అడిగి యాప్‌లో డిజిటల్‌గా ఇంకో 90 రోజులు పొడిగించుకోవచ్చా అని మీరు చివర్లో రాశారు. వద్దు. డిజిటల్ సంతకం చెల్లుతుంది, సమస్య అది కాదు. పైన చెప్పిన రూల్ మళ్లీ చూడండి: మీరు ఎగిరే తేదీకి ముందు 90 రోజుల్లోపు ఆయన మీకు ట్రైనింగ్ ఇచ్చి ఉండాలి. మీ పక్కన కూర్చోకుండా దూరం నుంచి పెట్టే పొడిగింపు ఎక్కువ కాలం నిలవదు. ఎగరని పాఠాన్ని ఎగిరినట్టు రాస్తే అది 61.59 కింద ఫాల్సిఫికేషన్. ఆయన సర్టిఫికెట్లు, మీ సర్టిఫికెట్ రెండూ పోయే పని. ఎయిర్‌లైన్‌లో కొత్తగా చేరిన మనిషిని అలాంటిది అడగడం కూడా భావ్యం కాదు.

ఇప్పుడు ఆవిడతో ఎగిరే పాఠాల్లో ఏం జరుగుతుందో చెప్తాను. మొదటి సోలోకి ముందు రూల్ అడిగే 15 అంశాలూ మళ్లీ మొదటి నుంచి నేర్పాలని లేదు. మీరు వాటిలో నిలకడగా ఉన్నారో లేదో చూసుకుంటే చాలు. నేనైతే ముందు లాగ్‌బుక్ తీసుకుని కూర్చుంటాను. ప్రీసోలో (సోలోకి ముందు రాసే) రాతపరీక్ష పేపర్ ఉందా, తప్పు రాసిన జవాబులు ఇన్‌స్ట్రక్టర్ కూర్చోబెట్టి వివరించాడా చూస్తాను. ఆ పరీక్షలో మీ ఎయిర్‌పోర్ట్ ఎయిర్‌స్పేస్, పార్ట్ 61, పార్ట్ 91 (ఎగిరేటప్పుడు పాటించాల్సిన నియమాలు) రూల్స్, మీ విమానం పరిమితులు ఉండాలి. ఆ పేపర్ మీ దగ్గర లేకపోతే స్కూల్ ఫైల్‌లో ఉందేమో వెతికించండి, లేకపోతే మళ్లీ రాయించుకోవడమే నయం.

తర్వాత ఎగురుతాం. ప్యాటర్న్‌లో (రన్‌వే చుట్టూ తిరిగే దారి) డౌన్‌విండ్ మీద (రన్‌వేకి సమాంతరంగా వెళ్లే భాగం), రన్‌వే నంబర్లకు ఎదురుగా వచ్చినప్పుడు చెప్పకుండా త్రాటిల్ ఐడిల్‌కి లాగుతాను, అంటే ఇంజిన్ పవర్ తీసేస్తాను. నేను చూసేది ల్యాండింగ్ ఎంత మెత్తగా జరిగిందన్నది కాదు. ముక్కు వెంటనే సర్దుకుని 172ఎస్ అయితే 68 నాట్ల గ్లైడ్ స్పీడ్ పట్టుకున్నారా, చూపు రన్‌వే మీదికి వెళ్లిందా, లేక నా మొహం వైపు వచ్చిందా. నా వైపు చూశారంటే ఇంకా నా మీద ఆధారపడుతున్నారని అర్థం, సోలోలో ఆ సీటు ఖాళీగా ఉంటుంది. ఇంకొకటి, ఫైనల్‌లో (రన్‌వేకి ఎదురుగా దిగే చివరి భాగం) కావాలనే కొంచెం ఎత్తుగా వచ్చేలా చేసి ఏమీ మాట్లాడకుండా కూర్చుంటాను. గో అరౌండ్ (దిగకుండా మళ్లీ పైకి లేవడం) అని తమంతట తాము నిర్ణయించుకునే స్టూడెంట్‌కి సంతకం పెట్టడానికి నాకు సందేహం ఉండదు. ఎలాగోలా దింపేయాలని ముక్కు కిందికి నెట్టేవాళ్లతో మాత్రం ఇంకో పాఠం తప్పదు. చాలామందికి రెండు మూడు పాఠాల్లో ఈ పని అయిపోతుంది. మీ మొదటి ఇన్‌స్ట్రక్టర్ బాగా నేర్పి ఉంటే ఒక్కదానితోనే అయిపోవచ్చు.

డబ్బు గుంజుతున్నారని నిజంగా అనుమానించాల్సిన సందర్భం ఒకటుంది. మీతో ఒక్కసారి కూడా ఎగరకుండానే పది పాఠాలు కావాలి అంటే అడగండి: ఏ అంశంలో, ఏ ప్రమాణానికి చేరితే సంతకం పెడతారు అని. నిజాయితీ గల ఇన్‌స్ట్రక్టర్ దానికి జవాబు చెప్తుంది, రాసి కూడా ఇస్తుంది. చెప్పలేకపోతే చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక మీరు అడగని విషయం, కానీ నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది. మీ పాత సంతకం కింద ఇన్‌స్ట్రక్టర్ ఏదైనా షరతు రాశాడా? చాలామంది స్టూడెంట్లు సోలో రోజు ఫొటో దిగి, ఆనవాయితీగా చొక్కా వెనక గుడ్డ కత్తిరించుకుని, ఆ పేజీ మళ్లీ తెరిచి చూడరు. 61.89 ప్రకారం ఆ షరతు దాటి ఎగిరితే రూల్ దాటినట్టే. ఉదాహరణకి మీ లాగ్‌బుక్‌లో ‘గాలి 12 నాట్ల లోపు, క్రాస్‌విండ్ 6 నాట్ల లోపు, విజిబిలిటీ 6 మైళ్లు’ అని ఉందనుకోండి (క్రాస్‌విండ్ అంటే రన్‌వేకి అడ్డంగా వీచే గాలి). శనివారం పొద్దున ఏటీఐఎస్ (ఎయిర్‌పోర్ట్ వెదర్ రికార్డింగ్) గాలి 140 డిగ్రీల నుంచి 12 నాట్లు అంటోంది, వాడుతున్నది రన్‌వే 18, అంటే 180 డిగ్రీల దిశ. చూడ్డానికి అంతా హద్దులోనే ఉన్నట్టుంటుంది. కానీ రన్‌వేకి గాలికి మధ్య కోణం 40 డిగ్రీలు, క్రాస్‌విండ్ దాదాపు 8 నాట్లు. మీ షరతు దాటిపోయింది. ఆ రోజు సోలో లేదు. ఆవిడని తోడు తీసుకెళ్లి ఆ గాలిలోనే ప్రాక్టీస్ చేయండి, బాగా చేస్తే ఆవిడే ఆ అంకె పెంచి కొత్త సంతకం పెడుతుంది. షరతులు ఉన్నవి మిమ్మల్ని కట్టిపడేయడానికి కాదు. ఆ రోజుకి మీరు ఎంత వరకు నిరూపించుకున్నారో ఆ గీత మాత్రమే అది. కాబట్టి ప్రతి సోలోకి ముందు విమానం చెక్‌లిస్ట్ చదివినట్టే ఆ పేజీ కూడా చదవండి.

షరతులు రాసినా రాయకపోయినా స్టూడెంట్‌కి కొన్ని హద్దులు ఎప్పుడూ ఉంటాయి. ప్యాసింజర్‌ని ఎక్కించకూడదు, ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినా సరే. పగలు 3 మైళ్లు, రాత్రి 5 మైళ్ల విజిబిలిటీ కన్నా తక్కువలో ఎగరకూడదు. నేల కనపడకుండా మబ్బుల పైన ఎగరకూడదు.

90 రోజుల లెక్క విషయంలో చాలామంది పొరపడతారు. మూడు నెలలు అనుకుంటారు, కాదు. మార్చి 1న సంతకం పెడితే మే 30తో 90 రోజులు. ఆ మర్నాడు ఎగిరితే ఎండార్స్‌మెంట్ లేకుండా ఎగిరినట్టే. పట్టుబడతామా లేదా అన్నది పక్కన పెట్టండి. స్టూడెంట్‌గా సోలో గంటలను పైలట్ ఇన్ కమాండ్‌గా (పీఐసీ, విమానానికి బాధ్యత వహించే పైలట్) రాసుకోవాలంటే ఆ సమయానికి చెల్లే సోలో ఎండార్స్‌మెంట్ ఉండాలని 61.51 అంటుంది. గడువు దాటాక ఎగిరిన గంటలు పీఐసీ కాలమ్‌లోంచి తీసేయాల్సిందే. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు కూడా ఆ తేదీనే పట్టుకుంటారు.

ఈ పీఐసీ మాట ఇండియాలో ఎయిర్‌లైన్ ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి కమర్షియల్ చేస్తున్న మన తెలుగు పిల్లలు ఇంకా జాగ్రత్తగా వినాలి. డీజీసీఏ (ఇండియా విమానయాన సంస్థ) కమర్షియల్ లైసెన్స్‌కి 200 గంటల్లో 100 గంటలు పీఐసీగా చూపించాలి, అందులో క్రాస్ కంట్రీ (వేరే ఊరి ఎయిర్‌పోర్ట్‌కి ఎగరడం), నైట్ గంటలకు వేరే లెక్కలున్నాయి. కన్వర్షన్‌కి (అమెరికా లైసెన్స్‌ని ఇండియా లైసెన్స్‌గా మార్చుకోవడానికి) ఢిల్లీకి వెళ్లే లాగ్‌బుక్‌లో మొదటి యాభై గంటల సోలోలు గడువు తప్పిన సంతకాల మీద ఉంటే అక్కడ కూర్చుని సర్దుకోవడం అసాధ్యం. ఆ పాటికి ఇన్‌స్ట్రక్టర్ ఏ ఊళ్లో ఉంటాడో ఎవరికి తెలుసు?

క్రాస్ కంట్రీకి వద్దాం, మీ తర్వాతి మెట్టు అదే కదా. ఇక్కడ సోలో సంతకం ఒక్కటే సరిపోదు. క్రాస్ కంట్రీ ట్రైనింగ్ అయిందని ఒకసారి పెట్టే ఎండార్స్‌మెంట్ ఒకటి, ప్రతి ట్రిప్‌కి విడిగా ఇంకోటి. ఆ రెండోది ఎవరు పెడతారో వాళ్లు మీ ప్లానింగ్ చూసి, ఆ రోజు వెదర్ చూసి, వీఎఫ్ఆర్‌లో (బయట కళ్లతో చూస్తూ ఎగిరే నియమాల్లో) వెళ్లి రావచ్చని తేల్చుకుని సంతకం పెట్టాలి. అందుకే నిన్న రాసిన ప్లాన్‌తో ఇవాళ వెళ్లడం కుదరదు. మెకిన్నీ నుంచి టైలర్‌కి పొద్దున వెళ్దామనుకుని, మబ్బులు దిగాయని మర్నాటికి వాయిదా వేసుకుంటే మళ్లీ కూర్చుని వెదర్ చూసి మళ్లీ సంతకం. విసుగనిపిస్తుంది, కానీ వెదర్ స్టూడెంట్ పైలట్లకు ప్రాణాల మీదికి తేగలదు.

దగ్గరి ఊళ్లకు వెసులుబాటు ఉంది. 25 నాటికల్ మైళ్ల లోపు వేరే ఎయిర్‌పోర్ట్‌లో టేకాఫ్, ల్యాండింగ్ ప్రాక్టీస్‌కి ఒక సంతకం చాలు. 50 మైళ్ల లోపు ఒకే రూట్‌లో మళ్లీ మళ్లీ వెళ్లడానికి కూడా ఒకటి ఉంది. దానికి మాత్రం ఇన్‌స్ట్రక్టర్ మీతో ఆ రూట్‌లో వెళ్లడం, రావడం రెండూ ఎగిరి, అక్కడి ప్యాటర్న్ చూపించి ఉండాలి. మీకు షెర్మన్ దగ్గరి నార్త్ టెక్సస్ రీజినల్ దీనికి చక్కగా సరిపోతుంది, ముప్పై మైళ్ల పైచిలుకు. కాకపోతే ఆ గంటలు ప్రైవేట్‌కి కావలసిన 5 గంటల సోలో క్రాస్ కంట్రీలో కలవవు, దానికి 50 మైళ్ల కన్నా ఎక్కువ దూరంలో దిగాలి. ఒక పెద్ద ట్రిప్ మొత్తం 150 మైళ్లకు తగ్గకుండా, మూడు చోట్ల పూర్తిగా ఆగే ల్యాండింగ్‌లతో ఉండాలి.

సోలో క్రాస్ కంట్రీలో లాగ్‌బుక్, స్టూడెంట్ సర్టిఫికెట్ విమానంలో మీతో ఉండాలి. మామూలు పైలట్లకు లాగ్‌బుక్ మోయాలన్న రూల్ లేదు, మీకుంది. ఇంకో మాట: మెకిన్నీ పైన కొంత ఎత్తు నుంచి డీఎఫ్‌డబ్ల్యూ (డాలస్ ఫోర్ట్‌వర్త్ ఎయిర్‌పోర్ట్) క్లాస్ బి ఉంది, అంటే కంట్రోలర్ అనుమతి లేనిదే వెళ్లకూడని ఎయిర్‌స్పేస్. కంట్రోలర్ మంచివాడై లోపలికి రమ్మన్నా, ఆ క్లాస్ బి కోసం విడిగా ట్రైనింగ్, 90 రోజుల లోపు ఎండార్స్‌మెంట్ లేకపోతే మీరు వెళ్లకూడదు. ‘స్టూడెంట్ పైలట్’ అని మొదటి కాల్‌లోనే చెప్పేయండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

చెక్‌రైడ్ (సర్టిఫికెట్ కోసం ఎగిరి చూపించే చివరి పరీక్ష) దగ్గర పడ్డాక సంతకాల తేదీలే తలనొప్పి. డీపీఈ (ఎఫ్‌ఏఏ నియమించిన పరీక్షకుడు) పరీక్ష మొదలుపెట్టే ముందు కాగితాలు చూస్తారు, ఒక్క ఎండార్స్‌మెంట్ లేకపోయినా పరీక్ష మొదలవదు. చెక్‌రైడ్ ప్రిపరేషన్‌గా ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరిన 3 గంటలు, పరీక్ష నెలకు ముందు రెండు క్యాలెండర్ నెలల్లోపు ఉండాలి. జూన్ 20న పరీక్ష అంటే ఏప్రిల్ 1 నుంచి ఎగిరినవే లెక్కలోకి వస్తాయి. డీపీఈ అపాయింట్‌మెంట్ దొరక్క జూలైకి జరిగితే ఏప్రిల్ గంటలు ఎగిరిపోతాయి, మళ్లీ ఎగరాలి. ఎఫ్‌ఏఏ రాతపరీక్ష (ప్రీసోలోది కాదు) ఫలితానికి 24 నెలల గడువు. అందులో తప్పిన అంశాలు మళ్లీ నేర్పానని కూడా ఇన్‌స్ట్రక్టర్ సంతకం పెట్టాలి. ఈ చెక్‌రైడ్ సంతకం విషయంలో కొత్తావిడ ఇంకా పట్టుగా ఉంటుంది, ఉండాలి కూడా. ఒక ఇన్‌స్ట్రక్టర్ తన సర్టిఫికెట్ నిలబెట్టుకునే దారుల్లో ఒకటి ఏమిటంటే, 24 నెలల్లో కనీసం ఐదుగురిని పరీక్షకు పంపి, వాళ్లలో 80 శాతం మొదటిసారే పాసవ్వడం. మీ ఫెయిల్ ఆవిడ రికార్డులోకి వెళ్తుంది.

మీరు హెచ్1బీ మీద ఉన్నానన్నారు. అమెరికా పౌరులు కాని వాళ్లకు, గ్రీన్ కార్డ్ ఉన్నా సరే, ట్రైనింగ్‌కి టీఎస్ఏ (అమెరికా రవాణా భద్రతా సంస్థ) అనుమతి కావాలి. అదే స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్ మారితే మామూలుగా ఇబ్బంది ఉండదు, కానీ విసిగిపోయి స్కూల్ మారదామనుకుంటే ముందు ఈ అనుమతి సంగతి కొత్త స్కూల్‌తో తేల్చుకుని తర్వాతే విమానం ఎక్కండి.

ఇప్పుడు చేయాల్సింది: ఆవిడతో ఒక గంట నేల మీద కూర్చోండి. లాగ్‌బుక్, ప్రీసోలో పేపర్, సిలబస్ ముందు పెట్టి, ‘ఏం చూపిస్తే మీరు సంతకం పెడతారు’ అని అడగండి. ఆ గంటకు డబ్బులిచ్చినా, విమానం గంటకన్నా చాలా చవక. తర్వాత ఆవిడతో కాస్త క్రాస్‌విండ్ ఉన్న రోజునే మొదటి పాఠం పెట్టుకోండి, ఆవిడకి మీ సంగతి తొందరగా తెలుస్తుంది.

దానికన్నా ముందు ఇంకో పని. లాగ్‌బుక్ మొదటి పేజీ నుంచి తిప్పి, ప్రతి డ్యూయల్ (ఇన్‌స్ట్రక్టర్‌తో కలిసి ఎగిరిన) పాఠం పక్కన పాత ఇన్‌స్ట్రక్టర్ సంతకం, సర్టిఫికెట్ నంబర్ ఉన్నాయో లేదో చూడండి. ఎక్కడో రెండు మూడు వరుసలు ఖాళీగా మిగిలిపోవడం మామూలే. ఆ గంటలు డ్యూయల్‌గా లెక్కకు రావాలంటే ఆయన సంతకం ఉండాల్సిందే, కొత్తావిడ పెట్టడానికి కుదరదు. అన్ని పేజీలూ ఫొటోలు తీసి దాచుకోండి. ఎయిర్‌లైన్ ట్రైనింగ్ మొదలైతే ఆయనకి వారాల తరబడి ఫోన్ ఎత్తే తీరిక ఉండదు, కాబట్టి ఖాళీలు కనపడితే ఈ వారమే మెసేజ్ పెట్టండి.